మైలవరం కణాలు

ఉద్యోగంలో ఉన్నంతకాలం నన్ను అందరూ మొండిది అనేవాళ్ళు. రిటైరయ్యాక, సన్మానసభల్లో శాలువా కప్పేటప్పుడు ఆ మాట కాస్త మెత్తబడి 'నిక్కచ్చి మనిషి' అయింది. నాకు మాత్రం మొదటి పేరే ఇష్టం. ప్రయోగశాలల్లో కొత్తగా చేరుతున్న మీలాంటివాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఆ మైలవరం కణాల గొడవ అసలేమిటి మేడం అని అడుగుతుంటారు. ఒక్కొక్కరు ఒక్కో రకంగా విని ఉన్నారు. కణాలను నేనే చంపేశానని ఒకరు, ఒక పెద్దమనిషి మీదికి చెప్పు ఎత్తానని ఇంకొకరు. రెండూ అబద్ధమే. రెండోది చేసి ఉంటే బాగుండేదని అనిపించిన మాట మాత్రం నిజం.

మా కేంద్రం పులివెందుల ఊరు దాటాక చీనీతోటల మధ్య, అంటే బత్తాయి తోటల మధ్య ఉండేది. పశువుల జబ్బుల కోసం కట్టిన కేంద్రం. అక్కడికి మనుషుల వెన్నుపూస సంగతి రావడానికి కారణం చుట్టుపక్కల నడుములే. జమ్మలమడుగు వైపు నాపరాళ్ళ గనుల్లో బండలెత్తి లారీలకు వేసేవాళ్ళు, ప్రొద్దుటూరులో పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేవాళ్ళు, వీళ్ళలో ఒక వయసు దాటాక నడుం పట్టుకోకుండా లేచేవాళ్ళు తక్కువ. మా అమ్మానాన్నలదీ గొర్రెలు మేపే ఇల్లే కాబట్టి నడుం నొప్పి అంటే నాకు పుస్తకంలో చదివి తెలిసిన విషయం కాదు.

వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలుంటాయి. డిస్కులంటాం. వాటిలోపల కణాలు కొద్దిగానే ఉంటాయి, నెత్తురు అందడం కూడా అంతంతమాత్రం. ఆ ఉన్న కొద్ది కణాలూ ముసలివైపోతే బిళ్ళ ఎండి, నలిగి, పక్కకు జారుతుంది. కణం ఎందుకు ముసలిదవుతుందంటే, తువ్వాలు చివర పోగులు విడిపోకుండా ముడులేస్తారు చూడండి, కణంలోని క్రోమోజోముల చివర కూడా అలాంటి కట్టు ఒకటి ఉంటుంది. కణం రెండుగా చీలిన ప్రతిసారీ ఆ కట్టు కాస్త అరుగుతుంది. బాగా అరిగాక ఇక చీలదు, పని మానేసి ఒక మూల కూర్చుంటుంది. ఆ కట్టును తిరిగి కట్టే ఎంజైము తాలూకు జన్యువు మన ఒంట్లోనే ఉంది కానీ చాలా కణాల్లో అది నోరు మూసుకుని ఉంటుంది. కోరలు పీకిన వైరస్ మీద ఆ జన్యువును ఎక్కించి కణాల్లోకి పంపితే వాటి ఆయుష్షు పెరుగుతుంది. ఈ పని ప్రపంచంలో ఇంకొందరు అప్పటికే చేస్తున్నారు. మేము కనిపెట్టిందేమీ లేదు. బండలెత్తి అరిగిపోయిన నడుములోని కణాలకు కూడా అది పనికొస్తుందా అన్నదే మా ప్రశ్న.

ప్రొద్దుటూరులో ఒక సర్జన్ డిస్కు ఆపరేషన్లు చేసేవాడు. తీసి పారేసే ముక్కలను, రోగుల ఒప్పుదలతో, మాకు పంపేవాడు. ఐసు పెట్టెలో పెట్టి బస్సుకు వేస్తే వచ్చేవి. అందులో జమ్మలమడుగు పక్కనున్న మైలవరం డ్యామ్ చేపలున్నాయనుకుని కండక్టర్ ప్రతిసారీ పెట్టెను టాపు మీదికి ఎక్కించమని పోట్లాడేవాడు.

ఇక్కడే మేమంతా కలిసి ఒక తప్పు చేశాం. రూలు ప్రకారం ముక్కకు ఒక అంకె మాత్రమే ఉండాలి. అది ఎవరిదో ఎవరికీ తెలియకూడదు. కానీ మా సీమలో మనిషిని పేరుతో పిలవడం తక్కువ. ఫలానా ఊరాయప్ప అంటే చాలు, ఊరే పేరు. సర్జన్ దగ్గర పనిచేసేవాళ్ళు పెట్టె మీద అంకెతో పాటు ఊరు కూడా రాసి పంపేవాళ్ళు. నా దగ్గర కోస్తా నుంచి వచ్చిన జూనియర్ ఒకమ్మాయి ఉండేది. వచ్చిన కొత్తలో మా యాస విని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేది. ఏడాది తిరిగేసరికి మాకంటే ఎక్కువగా యాడ, ఈడ అనడం మొదలుపెట్టింది. పెండ్లిమర్రి ఈ పొద్దు నీరసంగా ఉండాది మేడం, జమ్మలమడుగుకు తిండి మార్చల్ల మేడం అంటూ సీసాలను ఊళ్ళ పేర్లతో పిలిచేది. ముద్దుగా ఉందని మేమూ అలాగే పిలిచాం. అంకెలు కాగితాల్లో ఉండిపోయాయి. ఈ తప్పు ఇంకే జిల్లా ప్రయోగశాలలోనూ జరిగి ఉండదు.

కరెంటు పోయి, బూజు పట్టి, కణాలకు కావలసిన గ్యాసు సిలిండర్లు సమయానికి రాక చాలా సీసాలు చచ్చాయి. మైలవరం మాత్రం నిలబడింది. జన్యువు ఎక్కించని కణాలు చప్పబడిపోయి సీసా అడుగున కదలకుండా పడి ఉంటే, ఎక్కించినవి నిండిన ప్రతిసారీ ఇంకో సీసా అడిగేవి. నెలలు గడిచాయి, అవి ఆగలేదు. ఆ సంతోషంలో అందరికీ ఉగ్గాని, బజ్జీ తెప్పించాను. చీనీతోటల మధ్య, వోల్టేజీ కూడా సరిగ్గా ఉండని చోట ఆ పని చేసి చూపించామన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. దాన్ని తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

అయితే ఆ మైలవరం సీసాల్లో ఒకటి నాకు నచ్చలేదు. మంచి కణాలకు మర్యాద తెలుసు. పక్క కణం తగలగానే ఆగి, ఒకే వరుసగా పరుచుకుంటాయి. ఈ సీసాలో ఒక మూల మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టలు కట్టాయి. అది క్యాన్సర్ అని నేను అనలేదు. కాదని అనే ధైర్యం కూడా నాకు లేదు. ముందు ఎలుకల్లో చూడాలి, చాలాకాలం చూడాలి, అంతవరకు ఎవరి దగ్గరా నోరెత్తొద్దు అని డైరెక్టర్‌కు చెప్పాను.

మా డైరెక్టర్ చెడ్డవాడు కాదు. ఆయనకున్న జబ్బు మైకు. ప్రొద్దుటూరు వర్తకులు సన్మానం చేసి చేతికి మైకిస్తే, మా మైలవరం కణాలకు ఇక చావు లేదు అని ప్రకటించేశాడు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో 'ముసలి నడుముకు పడుచు కణాలు' అని పడింది. ఇంకేముంది, మా గేటు ముందు ఆటోలే ఆటోలు. ఒక్కొక్కరి చంకలో ఒక స్కానింగ్ కవరు. ఒక అవ్వ అయితే, అవి మింగే బిళ్ళలా, పూసుకునే మందా చెప్పమని వాచ్‌మన్ చొక్కా పట్టుకుంది.

మైలవరంలో నడుముకు ఆపరేషన్ చేయించుకుని, తీసిన ముక్కను పరిశోధనకు ఇచ్చిన మనిషి ఎవరో ఊరంతటికీ తెలుసు. ఒక్కడే ఉన్నాడు. ఆయనే వచ్చాడు.

నలభై దాటిన మనిషి. మంచి పొడగరి, కానీ ఒక పక్కకు ఒరిగి నిలబడేవాడు. చిన్నప్పటి నుంచి గనిలో బండలెత్తి, నడుము పోయాక అదే గనికి కాపలా ఉంటున్నాడు. ఆపరేషన్‌తో కాలు గుంజడం తగ్గింది కానీ నడుము నడుమే. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"కూర్చుంటే లెయ్యలేనక్కా. అన్నం గూడా నిలబడే తింటాండా. నా ఇంట్లో నేనే హోటల్‌కొచ్చినోని మాదిరి."

నవ్వుతూనే అన్నాడు. మేము నవ్వలేకపోయాం. సూక్ష్మదర్శినిలోకి వంగి చూడడం ఆయన వల్ల కాలేదు. మా జూనియర్ లావుపాటి పుస్తకాలు తెచ్చి బల్ల మీద పేర్చి, సూక్ష్మదర్శినిని ఆయన కళ్ళ ఎత్తుకు లేపింది. చాలాసేపు చూశాడు. ఇవి నావేనా అని అడిగాడు. నీవే అన్నాను. బతికే ఉన్నాయా అన్నాడు. ఉన్నాయన్నాను. అయితే నావి నాకు పెట్టేయండి అన్నాడు.

ఆ గుట్టలు కట్టిన సీసాను కూడా పెట్టి చూపించాను. విషయమంతా దాచకుండా చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"నా నడుములోది సచ్చిపాయ. ఈడ సీసాలో ఉండేది బతికుండాది. నాది నాకియ్యమంటే ఇయ్యనంటాండావు. ఇదేం న్యాయమక్కా?"

"అది వెన్నులో పోయి గడ్డ కడ్తాదో లేదో నాకు తెల్దప్పా. కడితే ఆపేది గూడా తెల్దు. తెల్దని తెలిసి నీ మీద చెయ్యలేను."

నీళ్ళిస్తే తాగలేదు. గేటు దాటి బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు. ఆ వైపు చూస్తుంటే నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఆ మనిషి మీద కాదు కోపం. ఆ మూల గుట్టలు కట్టిన కణాల మీద.

తర్వాత సర్జన్ ఫోన్లు మొదలయ్యాయి. ఆ గని మనిషి కణాలు ఆయనకే ఇస్తున్నాం కదా, సూదితో ఎక్కించడమే కదా, ఇంత రాద్ధాంతమేమిటి అని. అనుమతి లేదన్నాను. అనుమతి సంగతి చూసుకునేవాళ్ళు ఉన్నారన్నాడు. ఆ ఉన్నవాళ్ళు ఎవరో నాలుగు రోజుల్లో తెలిసింది. మైలవరం వైపు భూములన్నీ దాదాపు ఒకే కుటుంబానివి. ఆ ఇంటి పెద్దాయన్ని ఊళ్ళన్నీ అప్ప అంటాయి, నేనూ అలాగే అంటాను. పంచాయితీ అయినా, ఓటు అయినా ఆయన మాటే. ఎన్నికలకు కార్లలో తిరిగి తిరిగి ఆయన నడుము కూడా దెబ్బతింది. బెల్టు కట్టుకోనిదే గడప దాటడు.

డైరెక్టర్ నన్ను గదిలోకి పిలిచి, చాలా మంచిగా, నా భయం తీర్చడానికి ఒక మాట చెప్పాడు. పెద్దాయనకు ఇప్పుడే ఏమీ చేయరు మేడం, ముందు ఆ గని మనిషికి ఎక్కించి కొన్నాళ్ళు చూస్తారు, ఏమీ కాకపోతేనే ఈయనకు, మీరు కంగారు పడకండి అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. పశువుల కేంద్రంలో పనిచేసే మాకు ఎలుక మీద ప్రయోగం చేయాలన్నా పైనుంచి అనుమతి కావాలి. ఆ ఎలుకకున్న విలువ ఈ మనిషికి లేదా అని అడిగాను. ఆయన ఫ్యాన్ వైపు చూశాడు.

బయటికి వచ్చి ఆ మాటంతా చెబితే మా జూనియర్ ఏడ్చింది. సీసాల్లో మూతెడు బ్లీచింగ్ పోస్తే ఈ పీడ వదిలిపోతుంది కదా మేడం అంది. నాకూ ఆ ఆలోచన రాలేదని చెప్పను. కానీ అవి ఆ గని మనిషివి. పెట్టే హక్కు లేదన్న దాన్ని, చంపే హక్కు మాత్రం ఎక్కడి నుంచి తెచ్చుకుంటాను? బ్లీచింగ్ డబ్బా తీసుకుపోయి స్టోరులో పెట్టించాను. మైలవరానికి ఫోన్ చేసి, డైరెక్టర్ అన్న మాట అన్నట్టే ఆయనకు చెప్పాను. ముందు నీకు ఎక్కించి, నువ్వు బాగుంటే అప్పకు ఎక్కిస్తారంట, నాకు తెలిసింది నీకూ తెలియాలి కాబట్టి చెబుతున్నాను అన్నాను. విని, సరేలేక్కా అని పెట్టేశాడు. ఆ 'సరే'కు అర్థమేమిటో నాకు అంతుపట్టలేదు. నొప్పితో ఉన్న మనిషి దేనికైనా సరే అంటాడు.

వాళ్ళు వచ్చిన రోజు డైరెక్టర్ గదిలో కుర్చీలు తుడిచి పెట్టారు. అప్ప వచ్చి నిటారుగా, బెల్టు బిగించిన పద్ధతిలో కూర్చున్నాడు. సర్జన్ మా ఐసు పెట్టెనే తెచ్చి బల్ల మీద పెట్టాడు. గని మనిషిని కూడా వాళ్ళ బండిలోనే తీసుకొచ్చారు. ఆయన తలుపు పక్కన నిలబడ్డాడు. మర్యాదకు నిలబడ్డాడని అప్ప అనుకున్నట్టుంది, ఫర్వాలేదు కూర్చోమని చెయ్యి చూపించాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అప్ప గొంతు పెంచే మనిషి కాదు. వానివి వానికిచ్చేదానికి నీకేందమ్మా అడ్డం అని మెత్తగానే అడిగాడు. మనది పల్లె ఇల్లే కదా, మనలో మనకు పట్టింపులేమిటి అన్నాడు. నేను కూడా మెత్తగానే మొదలుపెట్టాను కానీ నా గొంతు నా మాట వినే రకం కాదు.

"పరీక్ష కాలేదు, అనుమతి లేదు. నా చెయ్యి దాటి ఒక్క సీసా బయటికి పోదు. నన్ను ఈ పొద్దే తీసేసి ఇంకొకరిని పెట్టుకోండి. నేనున్నంతవరకు ఆ తలుపు తెరుచుకోదు."

డైరెక్టర్ చెమట తుడుచుకున్నాడు. సర్జన్ నవ్వి, నాతో ఇక పని లేదన్నట్టు తలుపు వైపు తిరిగి, కణాల సొంతదారుడినే అడుగుదాం, నీకు కావాల్నా వద్దా చెప్పప్పా అన్నాడు. తెలివైన ఎత్తే. ఆయన కావాలంటే నా మాటకు విలువ సగం పోతుంది.

గని మనిషి భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"కావల్ల సార్. కావలనే వచ్చినా."

అప్ప నా వైపు చూశాడు. అప్పుడు గని మనిషి మళ్ళీ మొదలుపెట్టాడు. గొంతులో ఎక్కడా ఎకసెక్కెం లేదు.

"అయితే ఒకటుండాది అప్పా. మన ఊర్లో ఏ పెండ్లయినా తొలి తాంబూలం మీ ఇంటికి పోయినాకనే మాకు. జాతరలో తొలి పొట్టేలు మీదే తెగల్ల. కాలవ నీళ్ళు మీ మడికి పారినాకనే మా మడికి. మా నాయన కాలం నుంచి ఈ వరస తప్పింది లేదు. ఇంత గొప్ప మందు వస్తే, మీకంటే ముందు నేను ఎక్కిచ్చుకుంటే ఊర్లో మొగం యాడ పెట్టుకునేది? ముందు మీకు ఎక్కియ్యనీ. ఆ పక్కరోజే నేనొస్తా."

సర్జన్ తడబడి, అవి నీ కణాలు, ఆయనకు పనికిరావు కదా అన్నాడు.

"అప్ప నడుములోది గూడా తియ్యండి సార్. సీసాలో పెంచండి. నేను కాచుకుంటా. నాకేం తొందర?"

అప్ప ఆయన్ని చాలాసేపు చూశాడు. అంతా అర్థమైందని ఆ చూపులో తెలుస్తోంది. కానీ ఏమంటాడు? ఆ మర్యాద నాకొద్దు అంటే, ఇన్నేళ్ళు తీసుకున్న తొలి తాంబూలాలు కూడా వద్దన్నట్టే. కావాలి అంటే రేపు ఆ సూది తన వెన్నులోకి దిగాలి. చివరికి కుర్చీ చేతులు పట్టుకుని లేచి, సూద్దాంలే అన్నాడు. మా సీమలో పెద్దవాళ్ళు సూద్దాంలే అంటే ఆ సంగతి అక్కడితో సరి. ఐసు పెట్టె ఖాళీగానే బండెక్కింది. తీసుకొచ్చిన మనిషిని మాత్రం వాళ్ళు తిరిగి ఎక్కించుకోలేదు.

మా జీపులో ఆయన్ని జమ్మలమడుగు దాకా పంపించాను. ఎక్కేముందు ఆయన నాతో ఒక మాట అన్నాడు. జీపు కడ్డీ పట్టుకుని, నొప్పి దిగమింగుకుంటూ అన్నాడు.

"నాకు నిజంగానే కావల్లక్కా. ఆడ చెప్పింది వేరే. అది మర్చిపోవాకు."

ఇప్పుడు మీరు వినాల్సింది ఇది. మా కథ విన్నవాళ్ళు చాలామంది, మేడం ప్రయోగాన్ని ఆపేసింది అంటారు. నేను ప్రయోగాన్ని ఆపలేదు. ఒక మనిషినే ప్రయోగంగా మార్చడాన్ని ఆపాను. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళు తెల్లకోటు వేసుకోకుంటేనే మంచిది. ఆ జన్యువు మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఎలుకల్లో చూసి, ఆ గుట్టలు ఎందుకు కట్టాయో కనిపెట్టి, కణాల ఆయుష్షును కావలసినంత మాత్రమే పెంచి ఆపగలిగితే, ఆ మనిషి తన ఇంట్లో తాను కూర్చుని అన్నం తింటాడు. అంతకంటే పెద్ద పని ఈ భూమి మీద ఇంకేముందో నాకు తెలియదు. దాన్ని తొందరపడి చెడగొట్టేవాళ్ళంటే నాకు మంట, భయపడి మూలన పెట్టేవాళ్ళన్నా అంతే మంట.

మూలన పెట్టేవాళ్ళు త్వరగానే వచ్చారు. నన్ను కోళ్ళ టీకాలు పంపిణీ చేసే విభాగానికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. కోళ్ళు నాతో బాగానే ఉండేవి, ఒక్కటి కూడా మైకు అడగలేదు. మైలవరంలో ఆయన గని కాపలా పని పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. భార్యతో కలిసి నాలుగు గొర్రెలు పెట్టుకున్నాడు. గొర్రెల వెనక నిలబడే ఉండొచ్చు కదా, నాకు సరిపాయె అన్నాడు ఒకసారి ఫోన్లో.

కణాలను మాత్రం మారేముందు నేనే జాగ్రత్తగా ద్రవ నత్రజని డబ్బాలో గడ్డకట్టించి పెట్టాను. ఆ చలిలో అవి ఎన్నేళ్ళయినా ఉంటాయి, ఎవరో ఒకరు నత్రజని నింపుతుంటే చాలు. మా జూనియర్ ఉన్నంతకాలం నింపింది. ఆమెకు పెళ్ళయి వేరే ఊరు పోయాక అది ఎవరి పని అన్నది ఎవరూ తేల్చలేదు. ఒక ఎండాకాలం డబ్బా ఎండిపోయింది. చావు లేదని మైకులో చెప్పిన కణాలు అలా చచ్చిపోయాయి. తెలిసిన రోజు నేను అన్నం ముట్టలేదు.

మొన్న ఆయన ఫోన్ చేశాడు. పైన ఇంకో బిళ్ళ కూడా పోయిందట, తిరుపతిలో మళ్ళీ ఆపరేషన్ అన్నారట. కాసేపు గొర్రెల గురించి, వానల గురించి మాట్లాడి, నావి ఎట్లుండాయక్కా అని అడిగాడు. నేను ఈ విషయం ఎప్పుడో చెప్పాల్సింది. పోయాయప్పా అని చెప్పాను. ఎలా పోయాయో కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టినా పడేదాన్ని.

"పోతే పోయినాయిలే. నేనుండా గదా," అన్నాడు. తర్వాత, "ఈసారి తీసేది గూడా మీకే ఇయ్యమంటావా?" అన్నాడు.

నేను రిటైరయ్యాను కదప్పా, ఇప్పుడు నాకు ల్యాబు యాడుండాది అన్నాను.

"నువ్వు పోతే మీవాళ్ళు ఇంకెవరూ లేరా అక్కా?"

ఉన్నారు, ఇయ్యి అని చెప్పాను. మిమ్మల్ని ఒక్కమాట కూడా అడక్కుండా, మీ అందరి తరఫునా మాటిచ్చేశాను.